తువ్వాలు కింద చెయ్యి

పని మీద బొబ్బిలి వెళ్తుంటే, గజపతినగరం దాటాక మా కారు పశువుల మధ్య ఇరుక్కుపోయింది. ఆ రోజు సంత. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి ఇంజను ఆపేశాడు. రోడ్డు పక్కన ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, కుడిచేతులు రెండూ ఒకే తువ్వాలు కింద దాచి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మాట లేదు. తువ్వాలు మాత్రం లోపల పిల్లి దూరినట్టు కదులుతోంది. నాకు వెంటనే, ఒకప్పుడు ఇలాగే ఎడ్ల బేరాలు కుదిర్చిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. కారు దిగి, ఊరు చెప్పి, ఆ పాత బేరగాడు ఇప్పుడు సంతకు వస్తున్నాడా అని పక్కనున్న వాళ్ళను అడిగాను.

"ఆరింకెక్కడమ్మా. పోయి ఏడాది దాటిపోనాది," అని ఒకాయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడటంలో పడిపోయాడు.

నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు, నేనేమైనా చుట్టాన్నా. అయినా కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక డ్రైవరు మీద చూపించాను.

ఎడ్ల బేరం నోటితో చెయ్యరని నాకు ఆయన చెప్పేదాకా తెలియదు. విజయనగరంలో మా నాన్నది ఇనప సామాన్ల కొట్టు. మా ఇంట్లో బేరమంటే వీధి చివరిదాకా వినపడేది. ఎడ్ల బేరంలో అమ్మేవాడి చెయ్యి, బేరగాడి చెయ్యి తువ్వాలు కింద కలుసుకుంటాయి. ఏ వేలు పట్టుకున్నాడు, ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడు అన్నదాన్నిబట్టి ధర. అరచెయ్యి మొత్తం గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. ఆ తరవాత బేరగాడు కొనేవాడి దగ్గరికి వెళ్ళి మళ్ళీ తువ్వాలు పరుస్తాడు. చుట్టూ జనం ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. లోపల జరిగింది బయట చెప్పకూడదు, ఒకసారి నొక్కింది వెనక్కి తీసుకోకూడదు. ఆయన జీవితమంతా ఆ కుడి అరచేతి మీదే నడిచింది.

నా దగ్గరికి ఆయన వచ్చింది ఆ చెయ్యి చల్లబడిపోవడం వల్ల.

రాష్ట్రం విడిపోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో, వైద్య పరికరాలు తయారుచేసే ఇంజినీరుగా, స్టోరు రూము పక్కన నాకొక గది ఇచ్చారు. డయాలసిస్ రోగుల చేతికి ఫిస్టులా అని ఒకటి చేస్తారు. మోచేతి దగ్గర సిరను తీసుకెళ్ళి ధమనికి కలిపేస్తారు. రక్తం జోరుగా సిరలోకి దూకుతుంది, సిర తాడులా లావెక్కుతుంది, యంత్రం సూదులు గుచ్చడానికి వీలవుతుంది. చెయ్యి పెడితే అక్కడ ఝుమ్మని అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉన్నంతకాలం మనిషికి డయాలసిస్ ఉంది. అయితే కొందరికి రక్తమంతా ఆ అడ్డదారిన పోయి, కింద అరచేతికి అందదు. వేళ్ళు చల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, నల్లబడతాయి. అప్పుడు ఫిస్టులా కట్టేస్తే చెయ్యి బతుకుతుంది, డయాలసిస్ పోతుంది. కట్టకపోతే డయాలసిస్ ఉంటుంది, చెయ్యి పోతుంది. రెంటికీ మధ్య దారి కోసం నేనొక తొడుగు తయారు చేస్తున్నాను. కృత్రిమ రక్తనాళాలకు వాడే గుడ్డతోనే, సిర చుట్టూ వేసే చిన్న పట్టీ. బెల్టుకు ఉన్నట్టు దానికి గాట్లు ఉంటాయి. ఒక్కో గాటు బిగిస్తే సిరలోకి పోయే రక్తం కొంచెం తగ్గి, ఆ మేరకు చేతికి మళ్ళుతుంది. ఎక్కువ బిగిస్తే సిరలో రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోతుంది. అంటే ఎక్కడ ఆగాలో తెలియాలి. మనిషి మీద వాడటానికి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చింది. మొదటి మనిషి ఆయన.

గదిలోకి వచ్చిన రోజు కుర్చీ ఇస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. చెవి వెనక వెలిగించని చుట్ట. డాక్టరు మాన్పించాడు గానీ, లేకపోతే చెవి బోసిగా ఉంటుందని పెట్టుకునేవాడు.

"ఇంజినీరమ్మంటే పెద్దమనిసి అనుకున్నాను. నువ్వింకా పాలపళ్ళు మీదున్నావు," అన్నాడు.

"నా పళ్ళతో మీకేం పని?"

"అలవాటు తల్లీ. ముందు పళ్ళు సూస్తాను, తరవాత నడక సూస్తాను. మీ డాక్టరుగారు కుడికాలు బరువుగా ఏస్తాడు, సూసేవా? సంతలో అయితే ఒప్పను."

సర్జన్‌గారికి నిజంగానే కుడి మోకాలు నొప్పి. ఆయన వారానికోసారి విశాఖపట్నం నుంచి వచ్చేవారు, ముభావి. ఈ మాట నేను ఆయనకు చెప్పలేదు.

ఎడమ చేతికి ఎందుకు చేయించుకోలేదని అడిగాను. మామూలుగా పని చెయ్యని చేతికే చేస్తారు. ఎడమ చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. సిరలన్నీ ఎండిన పొట్లకాయ తీగల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

"నీరసమొస్తే సెలైను ఎక్కించుకునేవోళ్ళం. ఊళ్ళో డాక్టరున్నాడు, సైకిలు మీద వస్తాడు. సంతకి ముందొకటి, పండక్కి ముందొకటి. కుడిసెయ్యి పని సేసే సెయ్యి కదా, దాన్ని కాపాడుకుందామని ఎడం సేతికే ఎక్కించుకునీవోణ్ణి."

మా జిల్లాల్లో ఇది నాకు కొత్త కాదు. ఒంట్లో నలతగా ఉంటే సెలైను సీసా ఎక్కించుకోవడం టీ తాగినంత మామూలు. ఆ సీసాలే సిరల్ని తినేస్తాయని ఎవరూ చెప్పరు. కుడిచేతిని కాపాడుకోవడానికి ఎడమచేతిని పాడు చేసుకున్నాడు, ఎడమది పాడైంది కనక కుడిదాన్ని ఇవ్వాల్సి వచ్చింది. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ సైకిలు డాక్టరు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో.

తొడుగు గురించి వివరించాను. ప్లాస్టిక్ గొట్టాలు, రంగునీళ్ళు పెట్టి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే సేతికింత, మిసనుకింత. మద్దిన నువ్వు బేరగత్తెవి."

"అనుకోండి."

"బేరమంటే ఇద్దరూ కొంచెం కొంచెం ఏడ్సుకుంటా లేవాల. ఒకడు నవ్వేడంటే ఇంకోడు మునిగిపోయేడని లెక్క." చుట్టను ఒక చెవి వెనకనుంచి ఇంకో చెవి వెనక్కి మార్చుకున్నాడు. "సారూ గీరూ అనకు నన్ను. మావయ్యా అను."

అప్పటినుంచీ మావయ్యా అన్నాను.

ఆపరేషన్‌కు ముందు ఒక చిక్కు వచ్చింది. వేలికి పెట్టి రక్తం అందుతోందో లేదో చూసే క్లిప్పు ఆయన వేళ్ళ మీద పనిచెయ్యలేదు. అంత చల్లటి వేళ్ళకు అది ఉత్త గీతలు చూపించేది. మరి చేతికి రక్తం చాలినంత వచ్చిందని ఎలా తెలుస్తుంది? మత్తు మోచేతి దగ్గర మాత్రమే ఇస్తారు కాబట్టి మనిషి మెలకువగా ఉంటాడు. ఆయన్నే అడుగుదామన్నాను. నేను ఆకుపచ్చ గుడ్డ కింద ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటాను, ఒక్కో గాటు బిగించాక వేళ్ళు నొక్కుతాను, స్పర్శ వచ్చినప్పుడు ఆయన చెప్పాలి.

"నోటితో సెప్పకూడదు. తువ్వాలు కింద మాట బయట సెప్పకూడదు. నొక్కుతాను," అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, "ఇన్నేళ్ళలో ఆడకూతురితో తువ్వాలు కింద బేరం సెయ్యలేదమ్మా. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు," అని తనే నవ్వాడు.

ఆపరేషన్ గదిలో సర్జన్‌గారి వేలు సిర మీద ఉంది, అదురు కనిపెడుతూ. నా చెయ్యి గుడ్డ కింద ఉంది, బావిలోంచి తీసిన చేదలా చల్లగా ఉన్న ఆ అరచేతిలో. మొదటి గాటు బిగించారు. నేను ఒక్కొక్క వేలూ నొక్కాను. ఆయన నన్ను చూస్తున్నాడు. బదులు లేదు. రెండో గాటు బిగించారు. సర్జన్‌గారి నుదురు ముడిపడింది. "తగ్గుతోంది," అన్నారు. అదురు సన్నబడుతోందన్నమాట. ఇంకో గాటు బిగిస్తే ఏమవుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నేను చూపుడువేలు నొక్కాను. మధ్యవేలు నొక్కాను. సర్జన్‌గారు నా వైపు చూసి, "మూడోది?" అన్నారు.

అప్పుడు ఆ చల్లటి చెయ్యి నా చేతిని పూర్తిగా పట్టుకుని గట్టిగా నొక్కింది.

"వచ్చింది, ఆపేయండి," అన్నాను.

తరవాతి వారాల్లో నొప్పి తగ్గింది. వేలి కొన మీద పుండు మానింది. గోళ్ళ రంగు మారింది. నా గదికి వచ్చిన ప్రతిసారీ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే తాకి, "ఇది ఏ వేలు?" అని అడిగేదాన్ని. తడుముకోకుండా చెప్పేవాడు. చిటికెన. ఉంగరం. బొటన. మా ఇంట్లో ఆ మధ్య ఎవరూ నాతో వాదనకు దిగలేదు, అంత సంతోషంగా ఉండేదాన్ని. సంతకు వెళ్తున్నారా అని అడిగితే మాత్రం, "ముసిలోణ్ణైపోనాను తల్లీ, కుర్రోళ్ళు సూసుకుంటన్నారు," అనేవాడు. ముసలితనం ఒక్కసారిగా వస్తుందా అని నేను అడగలేదు.

ఆ ఫలితం చూసుకుని నేను ముందుకు వెళ్ళాను. ఆయన సిర ఎంత లావు, ఏ గాటు దగ్గర స్పర్శ వచ్చింది అన్నది పట్టుకుని, గాట్లు లేకుండా ఒకే కొలతతో తొడుగు చేశాను. లోపల బిగించే పని లేదు, ఎంత లావు సిరకు అంత కొలత, వేసెయ్యడమే. ఆపరేషన్ తొందరగా అవుతుంది, చిన్న ఆసుపత్రుల్లో కూడా చెయ్యొచ్చు. రెండో మనిషి దొరికింది. పొందూరు అమ్మాయి, చేత్తో నూలు వడుకుతుంది. వేళ్ళ మధ్య పత్తి పోగు తెగకుండా సన్నగా సాగాలంటే వేళ్ళకు ఎంత తెలియాలో చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయికీ కుడిచేతికే ఫిస్టులా, కుడిచెయ్యే చల్లబడుతోంది. సర్జన్‌గారు వచ్చే వారానికి ఆపరేషన్ పెట్టారు.

ఆపరేషన్ ఉదయం నేను తొడుగులు శుభ్రం చేయించి సర్దుకుంటుంటే ఆయన వచ్చాడు. అది ఆయన డయాలసిస్ రోజు కాదు. గజపతినగరం నుంచి మొదటి బస్సుకు వచ్చి ఉంటాడు. గొంతుక్కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. చెవి వెనక చుట్ట లేదు.

"నిన్న మిసను దగ్గర ఆ పిల్ల నా పక్క మంచం మీదున్నాది. మావయ్యా, నీ కొలతే నాకు పెడతన్నారు అనీసి సంబరపడతన్నాది. నిజమేనా?"

"నిజమే. మీవల్లే వచ్చింది ఆ కొలత."

"ఒద్దు తల్లీ. ఆ పిల్లకి నా కొలత పెట్టొద్దు."

నాకు అర్థం కాలేదు. అవతల ఆ అమ్మాయిని సిద్ధం చేస్తున్నారు, సర్జన్‌గారు వచ్చేశారు, ఈయన తలుపుకు అడ్డం. కొంచెం విసుగ్గానే, ఎందుకు వద్దో చెప్పమన్నాను.

ఆయన దగ్గరికి వచ్చి కుడిచెయ్యి నా బల్ల మీద పెట్టాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇప్పుడు నొక్కు."

చూపుడువేలు నొక్కాను. ఉంగరపువేలు నొక్కాను. ఇంకా గట్టిగా, నా గోరు దిగేలా నొక్కాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఎదురుచూస్తున్నవాడిలా తల కొంచెం వంచి.

కాసేపటికి, "నొక్కేవా తల్లీ?" అన్నాడు.

ఆ వేలు వదలకుండానే అడిగాను.

"మరి ఇన్నాళ్ళూ ఏ వేలో సరిగ్గా చెప్పారు కదా?"

"నువ్వు ఏ వేలు ముట్టుకుంటే నీ కళ్ళు ఆ వేలి మీదికెల్తాయి. మొకం సూసి బేరం సెప్పీవోణ్ణి, ఆ మాత్రం సూడలేనేటి?"

"ఆపరేషన్‌లో నా చెయ్యి నొక్కారు."

"నొక్కేను. సెయ్యి పట్టుకోడానికొస్తాది, నొక్కడానికొస్తాది. ఏటి పట్టుకున్నానో తెలీదు." కళ్ళు తెరిచాడు. "డాక్టరుగారు తగ్గిపోతన్నాది అన్నాడు. నా సిరలో ఆ గిరగిర ఆగిపోతన్నట్టు నాకూ తెలుస్తన్నాది. సేతికింకా రాలేదని సెప్పేననుకో, ఇంకోటి బిగిస్తాడు. ఆగిపోతాది. మిసను పోయేక సెయ్యెందుకు? సెయ్యి నాతో బేరమాడుతాది తల్లీ, మిసను ఆడదు. అందుకని ఆ బేరం నానే తెంపీసేను."

"తరవాతైనా చెప్పొచ్చు కదా. ఇన్ని నెలలు!"

"తువ్వాలు కింద నొక్కింది బయట సెప్పకూడదు." చెయ్యి బల్ల మీంచి తీసేసుకున్నాడు. "అదొక్కటే కాదులే. నీ మొకం వెలిగిపోతన్నాది. దాని మీద నీళ్ళు సల్లలేకపోనాను."

అప్పుడే తెలిసింది, సంత ఎందుకు మానేశాడో. ఆపరేషన్ అయ్యాక ఒకసారి వెళ్ళాడట. తువ్వాలు పరిచాడు. అవతలివాడు ఏ వేలు పట్టుకున్నాడో తెలియలేదు. ముఖం చూసి ఊహించి ఒప్పేసుకున్నాడు. ఊహ తప్పి, ఎడ్లు బాగా తక్కువ ధరకు పోయాయి. ఎడ్ల జత ఇచ్చిన రైతు ఏడ్చుకుంటూ వెళ్ళాడు, నొక్కిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆ తువ్వాలు అక్కడే ఎవరికో ఇచ్చేసి వచ్చానని చెప్పాడు. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదట. మిగతా జన్మలో ఎవరికీ చెప్పకుండా మోసుకుపోవాలనే అనుకున్నాడు. ఆ పిల్ల సంబరం చూసేదాకా.

నాకు కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. లేచి వెళ్ళి సర్జన్‌గారికి విషయం చెప్పాను, పుండు మానేంత రక్తం అందింది గానీ స్పర్శ వచ్చేంత అందలేదని. ఆయన చేతి గ్లౌజులు విప్పేశారు. ఆ రోజు ఆపరేషన్ ఆపేశారు. ఆ అమ్మాయి ఏడ్చింది. వేళ్ళు ఇంకా నల్లబడతాయేమో అని భయం. నేను మళ్ళీ గాట్ల తొడుగు చేశాను, ఈసారి గాట్లు ఇంకా దగ్గర దగ్గరగా, బిగించింది అవసరమైతే వదులు చెయ్యడానికి వీలుగా. సర్జన్‌గారు మళ్ళీ వచ్చిన వారం ఆ అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టాం. కళ్ళ మీద గుడ్డ వేశాం. మావయ్య ఉదయం నుంచీ బయట వరండాలో ఉన్నాడు, ఎవరూ రమ్మనకపోయినా.

మొదటి గాటు. "ఏ వేలు?" జవాబు లేదు. తరవాతిది. జవాబు లేదు. మావయ్య చేతికి ఎక్కడ ఆపామో అంత బిగువు దాకా వచ్చాం. జవాబు లేదు. సర్జన్‌గారి వేలు సిర మీద ఉంది, పెదవి కొరుక్కుంటున్నారు. "ఇంకా ఉంది. సన్నగా ఉంది గానీ ఉంది," అన్నారు. ఇంకొక్కటి బిగించారు. నేను ఉంగరపువేలు తాకాను. నొక్కలేదు, తాకానంతే.

"ఉంగరం ఏలక్కా," అంది గుడ్డ కిందనుంచి. "సక్కిలిగిలెడతన్నాది."

బయటికి పరిగెత్తాను. ఆయన లేచి నిలబడి నా ముఖం చూశాడు. నేను నోరు తెరవకముందే ఆయనకు తెలిసిపోయింది. అయినా అడిగాడు.

"గిరగిర ఉన్నాదా?"

"ఉంది. వేళ్ళూ తెలుస్తున్నాయి. మావయ్యా, మీది కూడా మళ్ళీ చేద్దాం. ఇప్పుడు గాట్లు సన్నవి. తేడా వస్తే వెంటనే వదులు చెయ్యొచ్చు."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఎడమచేత్తో కుడి అరచెయ్యి పాముకుంటూ. నాకు తెలుసు, ఆ సిర ఇప్పటికే బలహీనం. సర్జన్‌గారు నాకు చెప్పారు, హామీ ఇవ్వలేనని. ఆ అమ్మాయిది వయసులో ఉన్న సిర. ఆయనకు ఇది పోతే ఇంకొకటి లేదు. నేను ఒప్పుకోమని ప్రాధేయపడాలనుకున్నాను. ఒప్పుకుంటాడేమోనని భయపడ్డాను కూడా.

"ఒద్దులే," అన్నాడు. "నాది అయిపోయిన బేరం. సెయ్యి ఏడిసింది, నాను బతికేను. సాల్లే."

"సంత?"

"ఎల్లీవోళ్ళు ఎల్తారు."

ఆయన మా ఆసుపత్రికి డయాలసిస్‌కు ఇంకా చాలాకాలం వచ్చాడు. వరండాలో గొంతుక్కూర్చుని కొత్తగా వచ్చినవాళ్ళకు, సెలైను ఎక్కించుకోవద్దని తిట్టి మరీ చెప్పేవాడు. తరవాత వాళ్ళ ఊరికి దగ్గర్లో సెంటరు వస్తే అక్కడికి మారిపోయాడు, నేను విశాఖపట్నం వెళ్ళిపోయాను, అలా తెగిపోయింది. ఇప్పుడు గజపతినగరం సంతలో ఎద్దు పళ్ళ మధ్యనుంచి నాకు కబురు తెలిసింది.

కానీ ఆ అమ్మాయి ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం ఆయన్ని బస్సెక్కించడానికి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళాను. జనం తోసుకుంటున్నారు. గజపతినగరం బస్సు ఎక్కడుందో అని ఆయన మెడ చాచి బోర్డులు చూస్తున్నాడు. నేను ఆ కుడిచెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆయన తల తిప్పలేదు, బోర్డులే చూస్తున్నాడు. పట్టుకున్నానని ఆయనకు తెలియదు. బస్సు దొరికేదాకా అలాగే పట్టుకుని నడిచాను.